గ్రాంటు కోసం ఆగాలా, చేతిడబ్బుతో మొదలెట్టాలా? విశాఖ నుంచి ఒక లెక్క

ఏప్రిల్ 14 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిలబడితే మరబోట్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి రావడం కనిపిస్తుంది. మర్నాటి నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు బోటు మీద పనికెళ్లేవాళ్లు ఏం చేస్తారు, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లకు సరుకెక్కడి నుంచి వస్తుంది అన్నదాని మీద డాక్యుమెంటరీ తీద్దామని ప్రపోజల్ రాసి ఒక సంస్థకు పంపాను. జవాబు కోసం చూస్తుండగానే ఏప్రిల్ వచ్చేసింది. నాకు పరిచయమైన సరంగు, అంటే బోటు నడిపే ఆయన ఒకాయన, "ఎప్పుడు తీస్తావు బాబూ?" అని అడిగాడు. గ్రాంటు రావాలండీ అన్నాను. "నీ సొమ్ములొచ్చీదాక మా సెలవులు ఆగుతాయేటి?" అన్నాడు.

ఆగలేదు. గ్రాంటూ రాలేదు, ఆ ఏడు షూటింగూ జరగలేదు. మరుసటి ఏడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి దాచుకున్న డబ్బుతో పదకొండు రోజులు తీశాను. అందుకే ఇప్పుడు మద్దిలపాలెంలో టీ తాగుతూ ఏ కుర్రాడైనా "అన్నా, గ్రాంటు మేలా, క్రౌడ్‌ఫండింగ్ మేలా, ఫెస్టివల్స్‌కి పంపుకోవడం మేలా?" అని అడిగితే, ఎంత డబ్బు కావాలని అడగను. నువ్వు తీయబోయేది నీకోసం ఆగుతుందా, ఆగదా అని అడుగుతాను.

కథాచిత్రమైతే ఆగుతుంది. స్క్రిప్టు రెండేళ్లు బీరువాలో ఉన్నా కుళ్లిపోదు, ఒక్కోసారి బాగుపడుతుంది కూడా. అలాంటివాళ్లకు రాటర్‌డామ్ ఫెస్టివల్ వాళ్ల హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ ఉంది. ఆ ఫెస్టివల్ స్థాపకుడి పేరు మీద 1988లో మొదలైంది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా లాంటి ప్రాంతాల దర్శకులకు స్క్రిప్టు దశలోనే 10,000 యూరోలు ఇస్తుంది. మన లెక్కలో పది లక్షలకు అటూ ఇటూ. దానికి ప్రపంచమంతా పోటీ పడుతుంది కాబట్టి ఈ ఏడాది ఇంటి అద్దె దాంతో కడదామనుకోకూడదు. దేశంలోనే కావాలంటే ఏటా నవంబరులో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇఫీతో పాటు, కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ అక్కడే నడిపే ఫిల్మ్ బజార్ ఉంది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. 2007 నుంచి జరుగుతోంది. అక్కడ భాగస్వామి నిర్మాతల్ని వెతుక్కునే కో-ప్రొడక్షన్ మార్కెట్‌కి స్క్రిప్టుతో వెళ్లొచ్చు, వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్‌కి రఫ్ కట్‌తో, అంటే ఇంకా మెరుగులు దిద్దని ఎడిట్‌తో వెళ్లొచ్చు. చేతికి చెక్కు ఇవ్వడం కంటే, చెక్కు ఇవ్వగలవాళ్ల ముందు కూర్చోబెట్టడమే అక్కడ అసలు పని. గోవాలో ఐదు రోజుల గది, తిండి, రిజిస్ట్రేషన్ కలిపి చూసుకుంటే ఖాళీ చేతులతో వెళ్లొచ్చే చోటు కాదు. ముప్పై ఐదేళ్లలోపు వాళ్లయితే ఇఫీలోనే 2021లో పెట్టిన క్రియేటివ్ మైండ్స్‌కి దరఖాస్తు చేయడం నయం. ఎంపికైనవాళ్లను జట్లుగా చేసి 48 గంటల్లో ఒక సినిమా తీయిస్తారు. డబ్బు కంటే అక్కడ దొరికే స్నేహాలు ఎక్కువ కాలం పనికొస్తాయి.

డాక్యుమెంటరీ తీసేవాళ్లకు, లేదా వీడియో, సౌండ్, ఫొటోలు కలిపి ఏదో కొత్తగా చేసేవాళ్లకు నేను ముందు చెప్పేది బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్. 1993లో పెట్టారు, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తున్నారు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ప్రపోజల్ ఏ భారతీయ భాషలోనైనా రాయొచ్చు. తెలుగులో రాసి పంపొచ్చని తెలియక మనవాళ్లు ఎంతమంది ఇంగ్లీషుతో కుస్తీ పడి మానేశారో.

నా మొదటి ప్రపోజలే చూడండి. అది ఇంగ్లీషులో రాశాను. అందులో సరంగు వాళ్లమ్మ "మార్జినలైజ్డ్ కోస్టల్ కమ్యూనిటీ" అయిపోయింది. ఆవిడ తెల్లారకుండానే హార్బర్ గేటు దగ్గర బుట్ట దించుకుని, తడి చేతిని కొంగుకి తుడుచుకుని, రొయ్యపొట్టు రెండు వేళ్లతో నలిపి వాసన చూసి బేరం మొదలెడుతుంది. నా ప్రపోజల్లో ఆ రెండు వేళ్లు లేవు. తర్వాత అదే సంగతి తెలుగులో రాసి చూసుకుంటే మొదటి పేరాలోనే అవి వచ్చి కూర్చున్నాయి. చదివేవాళ్లకు సినిమా కనపడాలి కదా, మన సామాజిక స్పృహ కాదు.

ఇక ఫెలోషిప్. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే వాటిలో జూనియర్‌కి నెలకు 10,000, సీనియర్‌కి నెలకు 20,000, రెండేళ్ల పాటు. 25 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లు జూనియర్ కిందికి, ఆ పైవాళ్లు సీనియర్ కిందికి వస్తారు. ఇది సినిమా తీయడానికి కాదు, పరిశోధనకు. ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల మీద పనిచేసేవాళ్లు ఈ డబ్బుతో ఊళ్లు తిరిగి, కళాకారులతో మాట్లాడి, ఆ పరిశోధన మీద సినిమాని తర్వాత కట్టుకోవచ్చు. గ్రాంటు ఒక పనికి ఇస్తారు, ఫెలోషిప్ మనిషికి ఇస్తారు. నెలనెలా ఖర్చుల టెన్షన్ ఉన్నవాళ్లకు రెండోదే మేలు. కెమెరా అద్దె కట్టాల్సినవాళ్లకు మొదటిది. మీడియా ఆర్టిస్టులు ఢిల్లీలో 1997 నుంచి ఉన్న ఖోజ్ అనే సంస్థ రెసిడెన్సీలనూ, అంటే కళాకారులకు కొన్నాళ్లు చోటిచ్చి పనిచేసుకోనిచ్చే అవకాశాలనూ, గమనిస్తుండాలి. మన ఊళ్లో అలాంటి చోటు ఇంకా రాలేదు.

రాష్ట్రాల మాటకొస్తే కడుపుమంటే. కేరళలో ప్రభుత్వ సంస్థ కేఎస్‌ఎఫ్‌డీసీ మహిళా దర్శకులకు, ఎస్సీ ఎస్టీ దర్శకులకు సినిమాకి కోటిన్నర దాకా పెట్టే పథకం నడుపుతోంది. బీచ్ రోడ్డూ, అరకూ, భీమిలీ సినిమావాళ్లకు చూపించి రమ్మని పిలిచే మనం, ఇక్కడ పుట్టి ఇక్కడే తీసుకునేవాళ్లకు ఏమిస్తున్నామో ఆలోచించుకోవాలి.

క్రౌడ్‌ఫండింగ్ అనగానే అందరూ కన్నడ 'లూసియా' పేరు చెబుతారు. పవన్ కుమార్ 2013లో విడుదల చేసిన ఆ సినిమాకి వందమందికి పైగా జనం కలిసి దాదాపు 50 లక్షలు పెట్టారు. అందరూ మరిచిపోయేది ఏమిటంటే, ఆయన అప్పటికే ఒక సినిమా తీసి ఉన్నాడు, ఆయన రాసేవి చదివే జనం ఆయనకున్నారు. మనకెవరున్నారు? బావగారు, ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. అది క్రౌడ్‌ఫండింగ్ కాదు, చదివింపులు. చదివింపులకు ఒక ధర్మం ఉంది, వాళ్లింట్లో పెళ్లికి మనమూ చదివించాలి. నా స్నేహితుడొకడు ఇలా పోగుచేసిన డబ్బుతో షార్ట్ ఫిల్మ్ తీశాడు. రెండేళ్లయినా ఏ ఫంక్షన్‌కి వెళ్లినా "సినిమా ఏమైందిరా?" అనే అడుగుతున్నారని గాజువాక చుట్టాల ఇళ్లకు వెళ్లడం మానేశాడు. సినిమా చాలావరకు అయిపోయి, చూపించడానికి రెండు నిమిషాల ముక్క చేతిలో ఉండి, సౌండ్ మిక్సింగ్ లాంటి ఒక్క పనికే డబ్బు తక్కువైతే అప్పుడు అడగండి. అంతకుముందు అడిగితే చుట్టరికం ఖర్చు చేసుకోవడమే.

ఫెస్టివల్‌ని నిధుల లెక్కలో వేయడం పొరపాటు. అది ఖర్చు పద్దు. దరఖాస్తుకి 35 డాలర్లంటే మూడు వేల రూపాయలు, నాకైతే ఒక రోజు కెమెరా అద్దె. డెడ్‌లైన్ దగ్గరపడేకొద్దీ ఫీజు పెరుగుతుంది. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌ని ఆత్రంగా పద్నాలుగు చోట్లకు పంపాను. అందులో నెలనెలా అవార్డులిచ్చే ఫెస్టివల్ ఒకటి ఉత్తమ దర్శకుడినని మెయిల్ పంపింది. అమ్మ వీధంతా చెప్పుకుంది. తర్వాత చూస్తే ఆ నెల ఉత్తమ దర్శకులు ఇంకో పదకొండుమంది ఉన్నారు. ట్రోఫీ కావాలంటే డబ్బు కట్టమన్నారు. సినిమా ఎక్కడా ఏ తెర మీదా పడలేదు. ఇప్పుడు ఏ ఫెస్టివల్‌కైనా పంపేముందు రెండే చూస్తాను, కిందటేడు సినిమాలు ఏ హాల్లో వేశారు, ఎవరు వచ్చి చూశారు.

అలా చూస్తే మిగిలేవి తక్కువే. డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు ముంబైలో 1990 నుంచి రెండేళ్లకోసారి జరిగే మిఫ్, తిరువనంతపురంలో 2008 నుంచి కేరళ చలనచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, ఇఫీలో భారతీయ సినిమాలకు ఉన్న విభాగం ఇండియన్ పనోరమా. తిరువనంతపురందంటే నాకిష్టం. అక్కడ పొద్దున్న షోకి కాలేజీ పిల్లలు క్యూ కట్టి, సినిమా అయ్యాక దర్శకుడిని మెట్ల మీద నిలబెట్టి కడిగేస్తారు. జాతీయ అవార్డులకు పంపాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, ఆ పని హైదరాబాద్ ఆఫీసుతో. ఇంకొక మాట, ఫెస్టివల్స్ చుట్టూ తిప్పే ఉద్దేశం ఉంటే సినిమాని ముందే యూట్యూబ్‌లో పెట్టొద్దు. చాలా ఫెస్టివల్స్ ప్రీమియర్, అంటే మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలని అడుగుతాయి.

ఫెస్టివల్ దారి తెరిచిన సందర్భాలు లేకపోలేదు. మన కంచరపాలెం జనమే నటించిన 'కేరాఫ్ కంచరపాలెం' విడుదలకు ముందే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది, తర్వాత రానా దగ్గుబాటి సమర్పణలో 2018 సెప్టెంబరులో థియేటర్లకొచ్చింది. అయితే దాని వెనక ముందే నమ్మి డబ్బు పెట్టిన నిర్మాత ఉన్నారు. తీయడానికి డబ్బు ఫెస్టివల్ ఇవ్వలేదు.

చేతిడబ్బు దగ్గరికే మళ్లీ వస్తాను. అదే మేలని నేననడం లేదు. పెళ్లాం బంగారం తాకట్టు పెట్టి సినిమా తీసినవాళ్ల కథలు ఇంటర్వ్యూల్లో బాగుంటాయి, ఇంట్లో బాగుండవు. నేను పెట్టుకున్న హద్దు ఒకటే, మళ్లీ దొరకనిది మాత్రమే చేతిడబ్బుతో తీయాలి. బోట్లు లోపలికొచ్చే రాత్రి మళ్లీ ఏడాదికి గాని రాదు. ఎడిటింగ్, కలర్, సౌండ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ పదకొండు రోజులకు ఎవరి అనుమతీ అడగలేదు, హక్కులు ఎవరికీ రాసివ్వలేదు, ఒప్పందం మీద సంతకం పెట్టే పని లేదు. మైక్ ఒకటి పాడైంది, దానికి నన్నే తిట్టుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ప్రపోజల్ రాస్తున్నాను, ఈసారి తెలుగులో. బడ్జెట్ పేజీలో షూటింగ్ ఎదురుగా సున్నా ఉంది. ఎడిటింగ్, సౌండ్ ఎదురుగా మాత్రం అంకెలు వేశాను. శాంపిల్‌గా పంపే నాలుగు నిమిషాలు మొన్న హార్బర్‌లో సరంగుకి ఫోన్‌లో చూపించాను. మొత్తం చూసి, వాళ్లమ్మ రొయ్యపొట్టు నలిపే చోటికి వెనక్కి జరిపించుకుని రెండోసారి చూశాడు. "సౌండు తక్కువుంది బాబూ" అన్నాడు.