పాత అంబాసిడర్‌ను ఓపెన్ ట్రైలర్‌పై తరలించిన సర్వీసు: నా అభిప్రాయం

మా నాన్నగారి అంబాసిడర్‌ను అమలాపురం నుంచి రాజమహేంద్రవరం తరలించడానికి రావులపాలెంలోని ఒక ట్రైలర్ సర్వీసును పిలిపించాను. 2014లో తయారీ నిలిచిపోయిన కారు కనుక, చిన్న దెబ్బ తగిలినా నాకు బాధే.

వారి పనిలో అన్నిటికంటే నచ్చినది బెల్టులు కట్టిన తీరు. బంపర్లకు గానీ స్టీరింగ్ రాడ్లకు గానీ కొక్కేలు తగిలించకుండా, నాలుగు చక్రాలకూ టైరు మీదుగా విడివిడిగా రాచెట్ బెల్టులు (మీటను ఆడిస్తూ బిగించే పట్టీలు) బిగించారు. ఇలా కడితే చక్రం ట్రైలర్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది, గతుకుల్లో బాడీ తన స్ప్రింగుల మీద తాను ఊగుతుంది, అందువల్ల బెల్టు వదులయ్యే అవకాశం తగ్గుతుంది. బరువు వెనక్కి పడితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతుంది కాబట్టి, ఇంజను ముందుండేలా ఎక్కించి, భారం ట్రైలర్ ఇరుసుకు కాస్త ముందు పడేలా కారును జరిపారు. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టారు.

కొత్తపేట మీదుగా వచ్చి, రావులపాలెంలో హైవే ఎక్కేముందు ఆగి ప్రతి బెల్టునూ చేత్తో నొక్కి చూశారు. వెనుక ఎడమవైపుది కొద్దిగా సడలి ఉంటే మళ్ళీ బిగించిన తరువాతే గౌతమి వంతెన వైపు కదిలారు. ఈ శ్రద్ధ చాలామందిలో కనిపించదు.

లోపాలు రెండు. అంచు పీచులు లేచిన బెల్టు ఒకటి తెచ్చారు, అడిగాకే మార్చారు. కారుపై టార్పాలిన్ కప్పుతామన్నారు, నేను వద్దన్నాను. గాలికి కొట్టుకునే పట్టా దుమ్ముతో కలిసి పెయింటును గీకేస్తుంది.