థీసిస్ ఫార్మాటింగ్‌కు పైసలిచ్చేటోళ్లు ఒక్క నిమిషం ఆగుండ్రి

హన్మకొండల లాటెక్ (కమాండ్లు రాస్తే పేజీలు పేర్చి పీడీఎఫ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఫార్మాటింగ్ చేస్తడని రీసెర్చ్ స్కాలర్లందరు ఒకలకొకలు నంబర్ ఇచ్చుకుంటరు చూడుండ్రి, గాయన గురించే. పేరు రాయను, తెలిసినోళ్లకు తెలుస్తది. 4,500 మాట్లాడుకుంటే 4,000 పని సరిగ చూడకముందే ఇచ్చేసిన, ఎందుకంటే నాకు బుద్ధి లేదు, సబ్మిషన్ సోమవారమే.

తప్పు మొదలు నాదే అనుకోండి. రెండు పేపర్లను రెండు చాప్టర్లు చేసి, రెండింటి ప్రియాంబుల్స్, అంటే ఫైల్ పైన ఉండే సెట్టింగులు, తెచ్చి ఒక్క దగ్గర అతికిచ్చిన. రెఫరెన్సులు పెట్టే ప్యాకేజీ ఒకదాంట్ల నాట్‌బిబ్, ఇంకోదాంట్ల బిబ్‌లాటెక్, అవి రెండు ఒక్క ఫైల్‌ల పొసగయి. బొమ్మలు గీసే టిక్‌జీ ఏమో రంగుల ప్యాకేజీ ఎక్స్‌కలర్‌ను దానంతట అదే లోడ్ చేసుకుంటది, కింద నేను మళ్ల టేబుల్ ఆప్షన్ పెట్టి ఎక్స్‌కలర్ రాసిన, 'ఆప్షన్ క్లాష్' అని ఆగింది. మూడు రోజులు కొట్లాడి ఆగమై ఆయనకు పంపిన.

రెండు గంటలల్ల పీడీఎఫ్ వచ్చింది. "ఒక్క ఎర్రర్ లేదు చెల్లె, క్లీన్" అన్నడు. మస్తు ఖుషీ అయి, కిందిదాక చూడకుండనే ఫోన్‌పే కొట్టిన. రాత్రి తీసి చూస్తే నాలుగో చాప్టర్‌ల సైటేషన్ నంబర్లు ఉండాల్సిన కాడ 'పంప్2019' అని కీ (ఆ రెఫరెన్స్‌కు ఫైల్‌ల పెట్టుకున్న గుర్తు పేరు) అట్లనే అచ్చుపడి ఉన్నది, టేబుల్స్‌ల రంగులు మాయం. సరే ఇవి దిద్దుకుంటం అనుకొని మొదటి పేజీలకు పోతే, డెడికేషన్ పేజీ లేదు!

అండ్ల ఒక్కటే లైన్ ఉంటుండె, తెలుగుల. 'బీడీలు చుట్టిన మా అమ్మ చేతులకు' అని. మా అమ్మ మెట్‌పల్లిల బీడీలు చేసుకుంటనే నన్ను చదివిచ్చింది, థీసిస్ మొత్తంల ఆమె చదవగలిగేది గా ఒక్క ముక్కనే. ఫోన్ చేసి "అన్నా, ఆ పేజీ ఏమైంది" అంటే ఏమన్నడో తెలుసా? "అది ఖాళీ వస్తుంది చెల్లె, తీసేసిన. అదెవ్వడు చదువుతడు, గైడు చదువుతడా?" అన్నడు. అని నవ్విండు. నాకు నోట మాట రాలే, ఇప్పుడు రాస్తుంటే వస్తున్నయి మంచి మంచి మాటలు.

సోర్స్, అంటే ఆ పీడీఎఫ్ తయారయ్యే అసలు ఫైల్, అడిగితే "అది సెపరేట్ చార్జ్" అట. నా థీసిస్‌కు నేను చార్జ్ కట్టాలె! లొల్లి పెడితే పంపిండు. తెరిస్తే పైన మొదటి లైనే బ్యాచ్‌మోడ్. అంటే ఎర్రర్ ఎన్ని వచ్చినా స్క్రీన్ మీద చెప్పకు, ముందుకు నడువు అని. నడిచినప్పుడు ఏమేమైందో రాసుకునే లాగ్ ఫైల్‌ల మాత్రం అన్ని పడి ఉన్నయి. బిబ్‌లాటెక్ తీసేసిండు గని దాని కమాండ్లు అట్లనే వదిలిండు, అందుకే కీలు అచ్చుపడ్డయి. రిపేర్ చేయలే సారు, దాని నోరు మూసిండు. అదీ 4,000 పని.

తెల్లారేదాక కూసొని నేనే చేసుకున్న. నాట్‌బిబ్ ఒక్కటే ఉంచి సైటేషన్ కమాండ్లన్ని మార్చి, లాటెక్ నడిచినప్పుడు తనకోసం రాసుకునే పాత ఆక్స్ ఫైళ్లు డిలీట్ కొట్టిన. ఎక్స్‌కలర్‌కేమో డాక్యుమెంట్‌క్లాస్ కంటే పైన ఆ టేబుల్ ఆప్షన్‌ను ముందే అందించే పాస్‌ఆప్షన్స్‌టుప్యాకేజ్ అని ఒక్క లైన్, అంతే. తెలుగు నేను వాడే పీడీఎఫ్‌లాటెక్ ఇంజిన్‌ల రాలే, జీలాటెక్ ఇంజిన్‌కు మారి ఫాంట్లు పెట్టే ఫాంట్‌స్పెక్‌తోని నోటో తెలుగు ఫాంట్ పెడితే ఒత్తులతో సహా సక్కగ వచ్చింది.

ఎవరికన్న ఇయ్యాల్సొస్తే పైసలకంటే ముందు సోర్స్ తీసుకోండి, మీ సిస్టంల మీరే కంపైల్ చేసి లాగ్‌ల ఆశ్చర్యార్థకంతోని మొదలయ్యే మొదటి లైన్ చూడుండ్రి, కిందియి సగం దాని పిల్లలే. ప్యాకేజీల వరుసల లింకులిచ్చే హైపర్‌రెఫ్ చివర్ల, క్రాస్ రెఫరెన్సుల క్లెవర్‌రెఫ్ ఉంటే దాని తర్వాత.

మిగిలిన 500 కోసం పొద్దటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసిండు. ఎత్తుతలేను.