మొగల్రాజపురంలో సూపర్విజన్: ఆరు నెలల తర్వాత నా అభిప్రాయం

సోషల్ వర్క్ రంగంలో ఉన్నవారికి సూపర్విజన్ అనగానే రిజిస్టర్లు తనిఖీ చేసే కోఆర్డినేటర్ గుర్తుకు వస్తారు. ఈ నెలలో ఎన్ని హోమ్ విజిట్లు జరిగాయి, ఎన్ని ఫైళ్లు ముగిశాయి, ప్రయాణ ఖర్చులకు రసీదులు ఉన్నాయా అన్నదే పదకొండేళ్ల ఉద్యోగంలో నేనెరిగిన సూపర్విజన్. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివే రోజుల్లో వారం వారం ఫీల్డు వర్కు కాన్ఫరెన్స్ ఉండేది; మేము రాసుకొచ్చిన రిపోర్టును ముందు పెట్టుకుని అధ్యాపకులు వాక్యం వాక్యం గుచ్చి గుచ్చి అడిగేవారు. పట్టా చేతికి రాగానే ఆ అలవాటు ఎందుకు ఆగిపోవాలో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. అందువల్ల, ఈ సబ్జెక్టును చాలాకాలం బోధించి రిటైరైన ఒక మేడమ్ విజయవాడ మొగల్రాజపురంలో వేర్వేరు సంస్థల కార్యకర్తలకు ఆ తరహా సూపర్విజన్, అంటే వారి కేసుల గురించి కూర్చుని కలిసి ఆలోచించే సాయం, ఇస్తున్నారని తెలిసి, సొంత ఖర్చుతోనే చేరాను. నెలకు రెండు సిట్టింగులు, ఒక్కొక్కటి గంటసేపు, సిట్టింగుకు 700 రూపాయలు. పేరు రాయవద్దని ఆవిడే కోరారు.

మూడో సిట్టింగుకే నా డబ్బు గిట్టుబాటైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత నాకు అప్పగించిన కుటుంబాల్లో ఒకదాని గురించి ఆ రోజు మాట్లాడాను. (గుర్తుపట్టే వివరాలు మార్చాను.) భర్త కొడుతున్నాడని ఇరుగుపొరుగు చెబుతున్నా, నాలుగు విజిట్లలోనూ ఆ ఇల్లాలు "ఏం లేదండీ" అన్న మాట దాటలేదు. "సహకరించడం లేదు" అని నేను ఫైల్లో రాసేశాను. మేడమ్ ఆ ఫైలు మూసి, "ఆ ఇంట్లో మీరు ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగారు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను, మంచం మీద అత్తగారు కూర్చున్నారు, ఆ అమ్మాయి మాత్రం నాలుగుసార్లూ వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. నా రిపోర్టులో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఐదోసారి ఇంటికి వెళ్లకుండా, బిడ్డను దింపడానికి ఆమె అంగన్‌వాడీకి వచ్చే వేళకు అక్కడ కలిశాను. నలభై నిమిషాలు ఆమే మాట్లాడింది.

సూపర్విజన్‌కు పరిపాలన, బోధన, ఆసరా అనే మూడు బాధ్యతలున్నాయని అమెరికా సోషల్ వర్క్ ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ కదూషిన్ 1976లోనే విడమరిచారు. ఇక్కడ బోధన అద్భుతంగా ఉంది. ఆసరా కూడా ఉంది, అయితే ఓదార్పు మాటల రూపంలో కాదు, కలిసి ఆలోచించే మనిషి ఒకరున్నారన్న ధీమా రూపంలో. పరిపాలన మాత్రం బయటివారి చేతిలో ఉండే పని కాదు. నా మీదున్న 46 కేసులలో ఒక్కదానినైనా వేరొకరికి మార్చే అధికారం మేడమ్‌కు లేదు, కాబట్టి పనిభారం గురించి ఎంత మాట్లాడుకున్నా చివరకు అది మా ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. మొదటి రెండు నెలలు రాతపూర్వక ఒప్పందమే లేదు. అడిగి రాయించుకోవలసి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. సిట్టింగులో చెప్పినది గది దాటదని అంటే సరిపోదు, ఎక్కడ దాటక తప్పదో కూడా ముందే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కేసు సూపర్విజన్‌లో చర్చకు వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. కొత్తగా చేరిన కార్యకర్తకు ఇది తెలియకపోవచ్చు. రెండవది గది. ప్లైవుడ్ అడ్డుగోడకు అవతల డీటీపీ సెంటర్ ఉంది. వారి ప్రింటర్ చప్పుడు మాకు వినిపిస్తుందంటే మా మాటలు వారికి వినిపించవని ఎలా అనుకోవాలి? ఆరుగురితో జరిపే గ్రూపు సిట్టింగు నాకు నచ్చలేదు. గంటలో సగం ఒకరి జీతం బకాయిల గొడవకే సరిపోయింది.

వెనుక గది ఇస్తామన్న హామీ మీద మరో ఆరు నెలలకు డబ్బు కట్టాను. ఈ ఖర్చు సంస్థే భరిస్తే బాగుంటుందని మా కోఆర్డినేటర్ గారితో అన్నప్పుడు, అంతా విని, రసీదు ఇస్తారా అని అడిగారు. ఇస్తారు.