ఆరు ఆదివారాల క్లాసు, గోడ మీద ఒక సముద్రం మ్యాపు

నేను గ్రూప్-1కి చదువుతున్నాను. మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకెళ్తారు. శ్రీకాకుళం టౌన్‌లో ఒక కోచింగ్ సెంటర్ పెట్టిన అంతర్జాతీయ సంబంధాల క్లాసుకు ఆరు ఆదివారాలకని చేరాను. ఫీజు 3,500. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు. సెంటర్ ఆఫీసు మీద నాకు కోపం ఉంది, అందుకే పేరు రాయడం లేదు. పాఠం చెప్పిన సార్ మీద మాత్రం చాలా గౌరవం ఉంది. ఈ రివ్యూ ఆయన నాలుగో ఆదివారం చెప్పిన పాఠం కోసమే రాస్తున్నాను.

మొదటి మూడు వారాలూ ఐక్యరాజ్య సమితి, ఇరుగుపొరుగు దేశాలు, వాతావరణ ఒప్పందాలు. ఏ గైడ్ కొన్నా అంతమాత్రం ఉంటుంది.

నాలుగో వారం పాఠం ‘చైనా ఎదుగుదల, అమెరికా సైనిక కూటములు’. సార్ పెద్ద మ్యాపు ఒకటి తెచ్చి టేపుతో గోడకు అంటించారు. మొదలుపెట్టింది మాత్రం మన విశాఖపట్నంతో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. మా నాన్నమ్మ చిన్నప్పుడు వాళ్ళింట్లో ఆ మాట చెప్పుకునేవారట, విశాఖ నుంచి జనం మూటలు కట్టుకుని పల్లెలకు వచ్చేశారని. అదే జపాన్ నౌకాదళం 2020 నవంబర్‌లో మలబార్ అనే ఉమ్మడి నౌకాదళ విన్యాసాలకు అదే విశాఖ తీరానికి వచ్చింది. పక్కన అమెరికా, ఆస్ట్రేలియా, మన నేవీ. “మధ్యలో ఏం జరిగింది?” అని సార్ అడిగారు. క్లాసులో ఎవరం నోరెత్తలేదు.

1951లో జపాన్ అమెరికాతో భద్రతా ఒప్పందం చేసుకుంది, 1960లో దాన్ని తిరగరాసుకున్నారు. జపాన్ పాలనలో ఉన్న భూభాగం మీద సాయుధ దాడి జరిగితే అమెరికా కలిసి నిలబడాలి, బదులుగా అమెరికాకు అక్కడ స్థావరాలు. ఫిలిప్పీన్స్ ఒప్పందం కూడా 1951దే. సార్ ‘సాయుధ దాడి’ అని బోర్డు మీద రాసి చుట్టూ సున్నా చుట్టారు. ఇంక రెండు గంటలూ పాఠమంతా ఆ రెండు మాటల చుట్టూనే తిరిగింది.

ఎందుకంటే చైనా ఆ దాడి చేయదు. దానికి కాస్త తక్కువలో ఆగుతుంది. 2012లో దక్షిణ చైనా సముద్రంలో స్కార్‌బరో అనే పగడపు దిబ్బ దగ్గర ఫిలిప్పీన్స్ ఓడలకూ చైనా ఓడలకూ చాలా రోజులు ఎదురుబొదురు నడిచింది. చివరికి దిబ్బ చైనా చేతిలోకి పోయింది. ఒక్క తూటా పేలలేదు. అది ఫిలిప్పీన్స్ తీరానికి సుమారు 120 నాటికల్ మైళ్ళ దూరం. 2016 జులై 12న హేగ్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది, అక్కడ తరతరాలుగా వేటాడుతున్న ఫిలిప్పీన్స్ జాలర్లను చైనా అడ్డుకోవడం చట్టవిరుద్ధమని. చైనా ఆ తీర్పును లెక్కలోకే తీసుకోలేదు. ఈనాటికీ చేపల పడవల మీద వాటర్ కెనాన్‌తో నీళ్ళు కొడుతూనే ఉంది.

ఇక్కడ నాకు గొంతు పట్టేసింది. 2018 నవంబర్‌లో మన జిల్లా వాళ్ళు, విజయనగరం జిల్లా వాళ్ళు గుజరాత్ వైపు వేటకెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇవతలికి వచ్చారు. ఆ పద్నాలుగు నెలలూ మా చుట్టుపక్కల ఊళ్ళు ఎలా గడిపాయో నేను కళ్ళారా చూశాను. సార్‌కు ఆ విషయం చెప్పాను. ఆయన కాసేపు ఆగి, “నీళ్ళ మీద గీత గీసేది రాజధానుల్లో అమ్మా, దాటేది మాత్రం వలేసుకునేవాడు” అన్నారు. స్కార్‌బరో జాలర్ల పాఠం ఇంక నాకు పరీక్ష కోసం చదివే పాఠంలా అనిపించలేదు.

తర్వాత 2024 జూన్ 17 సంగతి చెప్పారు. అదే సముద్రంలో సెకండ్ థామస్ అనే ఇంకో దిబ్బ మీద ఫిలిప్పీన్స్ 1999లో కావాలని ఎక్కించి నిలిపిన పాత ఓడ ఒకటుంది. అందులో ఉన్న సైనికులకు సామాను తీసుకెళ్తున్న పడవల మీదకు చైనా కోస్ట్‌గార్డ్ వాళ్ళు కత్తులు, గొడ్డళ్ళు పట్టుకుని వచ్చారు. ఒక నావికుడి బొటనవేలు తెగిపోయింది. ఇది సాయుధ దాడేనా? ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ కావాలని చేసిన పనే అన్నారు, సాయుధ దాడి అని మాత్రం అనలేదు. అలా అంటే ఒప్పందం ప్రకారం అమెరికాను పిలవాలి. పిలిస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. పిలవకపోతే ఒప్పందం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. చైనా పరీక్షిస్తున్నది ఆ సందునే. కూటమిని ఎదురుగా కొట్టదు. “మీకోసం అమెరికా వస్తుందా?” అని పొరుగువాళ్ళ మనసులో అనుమానం పెడుతుంది. 2016లో అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు డుటెర్టే బీజింగ్ వెళ్ళి అమెరికాతో తెగతెంపులని ప్రకటించింది ఆ అనుమానంతోనే అని సార్ అభిప్రాయం.

నాకు బాగా నచ్చింది, కథను ఆయన అక్కడ వదిలేయకపోవడం. ఒత్తిడి ఎక్కువైన కొద్దీ ఫిలిప్పీన్స్ తిరిగి అమెరికా వైపే జరిగింది. 2023లో ఇంకో నాలుగు స్థావరాలు వాడుకోనిచ్చింది, మొత్తం తొమ్మిదయ్యాయి. జపాన్ 2022 డిసెంబర్‌లో రక్షణ ఖర్చును 2027 నాటికి జీడీపీలో రెండు శాతానికి పెంచుతామంది. విడగొట్టాలని చేసిన పని చాలావరకు కలిపే పని అయింది. ఇది నేను ఏ గైడ్‌లోనూ చదవలేదు.

వెనక బెంచీ తమ్ముడొకరు చైనా వైపు నుంచి చెప్పండి సార్ అన్నారు. సార్ విసుక్కోలేదు. జపాన్, ఒకినావా, తైవాన్, ఫిలిప్పీన్స్ మీదుగా వేలితో గీత గీశారు. చైనా తీరంలో నిలబడి చూస్తే ఆ గీత కంచెలా కనిపిస్తుందన్నారు. ఆసియా భద్రతను ఆసియా వాళ్ళే చూసుకోవాలని షీ జిన్‌పింగ్ 2014లో షాంఘైలో చెప్పింది అందుకే అన్నారు. దక్షిణ కొరియాలో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ పెట్టడం మీద చైనాతో వచ్చిన గొడవ మాత్రం పది నిమిషాల్లో తేల్చేశారు. దానికి ఇంకో గంట ఇవ్వాల్సింది.

ఇప్పుడు ఫిర్యాదులు. అచ్చు నోట్సులో క్వాడ్‌ను (మన దేశం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసిన బృందం) ‘సైనిక కూటమి’ అని రాశారు. తప్పు. క్వాడ్‌లో ఒకరి మీద దాడి జరిగితే మిగతావాళ్ళు రావాలన్న ఒప్పందమే లేదు. మన దేశం ఏ సైనిక కూటమిలోనూ సభ్యురాలు కాదు. పాఠంలో సార్ సరిగ్గానే చెప్పారు. ఆదివారం టెస్టులో నేను సరైన జవాబు పెడితే నోట్సు చూసి మార్కు కొట్టేశారు. ఆఫీసులో రెండుసార్లు అడిగాను, సరిచేస్తామన్నారు, చేయలేదు. తప్పు నేర్చుకుని పరీక్ష హాలుకెళ్ళే పిల్లల సంగతేంటి? పైగా మ్యాపులు నలుపు తెలుపు జెరాక్సులు. సముద్రం ఏదో నేల ఏదో తెలియదు.

ఐదో ఆదివారం క్లాసు రద్దు చేసి చెప్పనే లేదు. నేను ఆటో మారి, బస్సెక్కి, కాంప్లెక్స్ దగ్గర దిగి నడిచి వెళ్తే షట్టర్ వేసి ఉంది. ఆ క్లాసు మళ్ళీ పెట్టలేదు, డబ్బూ ఇవ్వలేదు. మాకు 3,500 అంటే వేట బాగున్న రోజుల కష్టం.

నాలుగో వారం ఇంటికెళ్ళి నాన్నకు స్కార్‌బరో కథ చెప్పాను. వల బాగుచేస్తూ విన్నారు. “మరి ఆ పడవలోళ్ళకి నష్టం ఎవులిస్తారమ్మా?” అని అడిగారు. తర్వాతి ఆదివారం సార్‌ను ఇదే అడుగుదామనుకున్నాను, ఆ రోజే షట్టర్ వేసి ఉంది. ఆరో వారం అడిగాను. తీర్పులో తప్పెవరిదో తేల్చారు గానీ నష్టపరిహారం మాట లేదన్నారు.

పాఠానికి ఐదుకు ఐదు ఇస్తాను. ఆఫీసుకు ఒకటి. చేరేవాళ్ళు సొంత అట్లాసు తీసుకెళ్ళండి, ముందు బెంచీలో కూర్చోండి, నోట్సులో క్వాడ్ పేజీ కొట్టేసుకోండి. క్లాసుందో లేదో శనివారం రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి.