మేకు కొట్టకుండా బీరువా నిలబెట్టడం: నాలుగేళ్ల వాడకం తరువాత

నా దగ్గర ఆరడుగుల ఎత్తు, అడుగు లోతు మాత్రమే ఉన్న పుస్తకాల బీరువా ఒకటి, నాలుగు సొరుగుల బట్టల అల్మారా ఒకటి ఉన్నాయి. గోడకు రంధ్రం చేయరాదన్నది అద్దె ఒప్పందంలోని షరతు. ఆ షరతుకు లోబడి, రెండు ఇళ్లలో కలిపి నాలుగేళ్లుగా వీటిని పడిపోకుండా నిలబెట్టడానికి నేను వాడిన సాధనాల సమీక్ష ఇది.

మొదట వాడినవి జిగురు పట్టీలు. ఒక కొస బీరువాకు, మరొక కొస గోడకు అంటించే నైలాన్ పట్టీలవి. అంటించే చోటును స్పిరిట్‌తో తుడిచాను, పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు ఆగాను, సూచనల్లో ఒక్కటీ వదలలేదు. ఏడు నెలల తరువాత, వానాకాలంలో ఒక ఉదయం పట్టీని లాగి చూస్తే అరచేయంత పెయింటు పెచ్చు, వెనుక పుట్టీతో సహా ఊడి చేతికి వచ్చింది. జిగురు మాత్రం చెక్కు చెదరలేదు. అది ఎంత గట్టిదైనా పట్టుకునేది రంగు పొరనే కనుక, ఆ పొర గోడను ఎంత అంటిపెట్టుకుని ఉంటే పట్టీ బలం అంతే. నున్నని టైల్సున్న గోడకైతే వీటిని ఇప్పటికీ వాడతాను, సున్నం మీదా డిస్టెంపరు మీదా వాడను.

తరువాత ఊతకడ్డీలకు మారాను. మర తిప్పితే పొడవు పెరిగే ఈ ఇనుప కడ్డీలను బీరువా పైభాగానికీ శ్లాబుకూ మధ్య బిగిస్తారు. వీటిని ఎక్కడ నిలపాలన్నదే అసలు విషయం. బీరువా ముందుకు ఒరిగేటప్పుడు అది కింది ముందు అంచును ఆధారం చేసుకుని తిరుగుతుంది, అప్పుడు పైకి లేచేది వెనుక అంచే. కాబట్టి కడ్డీలు గోడవైపున, రెండు చివర్లా, పక్క పలకల నెత్తిన ఉండాలి. చూడటానికి బాగుంటుందని నేను మొదట ముందువైపు పెట్టాను, అది కేవలం అలంకారం. పైపలక పలచనిదైతే దాని మీద అడ్డంగా ఒక మందమైన చెక్క వేసుకోవాలి. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో వీటి ఊసే వద్దు, బిగించిన కొద్దీ జిప్సం పలక లేచిపోతుంది తప్ప పట్టు దొరకదు. బిగువు కూడా కాలక్రమేణా తగ్గుతుంది: మొదటి ఏడాది పట్టించుకోకపోవడంతో ఒక కడ్డీ వేలితో తిప్పితే తిరిగేంత వదులైంది. ఇప్పుడు రెండు నెలలకోసారి సరిచూస్తున్నాను.

ఊతకడ్డీకి జతగా ముందు అంచు కింద దూర్చే సన్నని వాలు పట్టీ చూడటానికి అల్పమైనదే గానీ, బీరువాను వెంట్రుకవాసి గోడవైపు వాల్చి చాలా మేలు చేసింది. భూకంపాలకు అలవాటుపడ్డ జపాన్‌లో టోక్యో అగ్నిమాపక శాఖ కూడా పైన కడ్డీ, కింద ఇలాంటి పట్టీ లేదా జిగురు మ్యాటు కలిపి వాడమని సూచిస్తుంది. తలుపులు ఒకదానికొకటి సరిగ్గా కలవకపోవడం దీనితో వచ్చిన చిన్న చికాకు. జిగురు మ్యాట్లు నాకంతగా నచ్చలేదు. అంచుల్లో దుమ్ము పేరుకుంటుంది, కడిగితే తిరిగి అంటుకునే మాట నిజమే అయినా, కడగాలంటే ముందు బీరువాను ఎత్తాలి కదా.

బట్టల అల్మారా పొట్టిదని మొదట్లో దాని జోలికే పోలేదు. సొరుగులన్నీ ఒకేసారి లాగితే బరువంతా ముందుకు వచ్చి అదీ తల వాల్చేస్తుందని, ఒకసారి మోకాలు అడ్డుపెట్టి ఆపాల్సి వచ్చినప్పుడు తెలిసింది. అమెరికాలో 2023 సెప్టెంబరు నుంచి తప్పనిసరి అయిన నిలకడ పరీక్ష 27 అంగుళాల ఎత్తున్న బట్టల అల్మారాలకు సైతం వర్తిస్తుందంటే కారణం ఇదే. బరువైన దుప్పట్లను అడుగు సొరుగులోకి మార్చి, ముందు అంచు కింద వాలు పట్టీ దూర్చిన తరువాత అది మళ్లీ కదలలేదు.

మొదటి ఇల్లు ఖాళీ చేసినప్పుడు శ్లాబు మీద కడ్డీలు మిగిల్చిన గుండ్రని మచ్చలు తడిగుడ్డతో పోయాయి. నా ఖర్చుతో రంగు వేయించాల్సి వచ్చింది జిగురు పట్టీ ఊడివచ్చిన ఆ అరచేయంత చోటుకే.