మాయాబజార్: ఎక్కడ మాసింది, ఎక్కడ మాయలేదు

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ ఇవాళ్టికీ నిలబడిందండి. మూడు గంటల నాలుగు నిమిషాలూ ఒకే తీరుగా మాత్రం నిలబడలేదు. ఆ సినిమాని కళ్ళకద్దుకునేవాళ్ళు ఈ రెండో మాట ఒప్పుకోరు. ఏ కాపీ చూశారు, ఏ తెర మీద చూశారు అన్నదాన్నిబట్టి కూడా మార్కులు మారిపోతాయి.

కథ వ్యాస భారతంలో లేదు. శశిరేఖా పరిణయం జనం చెప్పుకున్న కథ, నాటకాలవాళ్ళు ఊరూరా ఆడిన కథ. 1936లో ఓసారి సినిమాగానూ వచ్చింది. విజయావారి సినిమాకి దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు చేసిన మేలు ఏమిటంటే, దాన్ని మేనరికం పేచీగా పట్టుకోవడం. తన కూతురు శశిరేఖ చిన్నప్పుడే, నీ కొడుకు అభిమన్యుడికి ఇస్తానని బలరాముడు చెల్లెలు సుభద్రకి మాటిచ్చాడు. జూదంలో పాండవుల ఆస్తంతా పోయింది. ఇంకేముంది, మేనల్లుడు ఆనడు, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు కావాలంటుంది బలరాముడి భార్య రేవతి. కొబ్బరితోట అమ్ముకున్న మేనత్త ఇంటికి పిల్లనివ్వడానికి నసిగే ఇళ్ళు కోనసీమలో ఇప్పుడు మాత్రం లేవా? మాయలన్నీ ఈ పేచీకే కట్టారు కాబట్టి మాయ వెలిసినా పేచీ వెలవదు.

ప్రియదర్శిని పెట్టె చూడండి. తెరిచినవాళ్ళకి తమ మనసులో ఉన్నది కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరామదేవుడికి శిష్యుడు దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఒక్క పెట్టెతో నలుగురి గుట్టూ చెప్పేశారు. దాన్ని లాప్‌టాప్‌తోనూ వీడియో కాల్‌తోనూ పోల్చి మురిసిపోవడం ఇప్పుడో సరదా అయింది గానీ, దాని అసలు పని కథ నడపడం. ఇంకోటి: పాండవులు అయిదుగురూ సినిమాలో ఎక్కడా కనబడరు. వాళ్ళ కష్టం చుట్టూనే కథంతా తిరుగుతున్నా సరే. రెండు మూడుసార్లు చూసినవాళ్ళు కూడా ఎవరో చెబితేగాని ఇది కనిపెట్టరు.

ట్రిక్కుల సంగతికొద్దాం. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. కంప్యూటర్ లేని రోజులు. ఆ కాలంలో మాయ చూపించాలంటే ముఖ్యంగా రెండు దార్లు. కెమెరాని కదలకుండా బిగించి, తిప్పడం ఆపి, వస్తువు తీసేసి, మళ్ళీ తిప్పడం ఒకటి. ఫిల్ములో కొంత భాగాన్ని మూసి తీసి, దాన్నే వెనక్కి చుట్టి, మూసిన భాగంలో రెండోసారి తీయడం రెండోది. మొదటిదాంట్లో కెమెరా వెంట్రుకవాసి కదిలినా, ఆపిన వేళలో నటుడి చెయ్యి కాస్త జారినా బొమ్మ ఎగిరిపడుతుంది. రెండోదాంట్లో వెలుగు తేడా పడితే అతుకు గీత తేలుతుంది. పాత జానపద సినిమాల్లో ఈ గీతలు కోకొల్లలు. ఇందులో గీత కోసం పనిగట్టుకుని వెతకాలి.

వస్తువు కదిలే మాయలు చెక్కుచెదరలేదు. తనంతట తాను చుట్టుకునే తివాచీ, మనిషిని తిప్పలుపెట్టే మంచం, గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళే లడ్లు. ఇవి చూసి ఇప్పటి పిల్లలూ నవ్వుతున్నారు. వస్తువుకి బరువుంది, దాని నీడ నేల మీద పడుతోంది, అందుకని కన్ను నమ్ముతుంది. బొమ్మ ద్వారక కూడా నిలిచింది. సుమారు 50 అడుగులకి 60 అడుగుల జాగాలో మూడొందల చిన్నిళ్ళు కట్టి దీపాలు పెట్టారు. గోఖలే, కళాధర్‌ల కళ అది. ఆకాశంలో ఎగిరే దృశ్యాలు, అడవి యుద్ధంలో ఎదురెదురుగా ఢీకొనే బాణాలు మాత్రం మాసిపోయాయి. వెనక ఆకాశం గోడలా నిలబడుతుంది, బాణానికి బరువుండదు. అక్కడ పిల్లలు ఫోను తీస్తారు. తప్పు పట్టక్కర్లేదు.

ఇంతా చేసి, సినిమా మొత్తంలో గొప్ప మాయకి కెమెరా ట్రిక్కే లేదు. ఆ పెళ్ళి చెడగొట్టడానికి శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి నటించడమే ఆ మాయ. ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు భుజం విరుపు, కనుబొమ ఎగరేయడం, ఆ అడుగు, అన్నీ ఆవిడ దించేసింది. ఎవరూ చూడనప్పుడు రాక్షసుడు బయటపడి, మనిషి అలికిడి కాగానే మళ్ళీ సిగ్గుపడిపోతుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు మధ్యలోంచి ఘంటసాల గొంతు దూసుకొచ్చేచోట పెదవి గానీ కన్ను గానీ ఒక్క మాత్ర కూడా తప్పదు. కోట్లు పోసి తీసే ఇప్పటి గ్రాఫిక్సు పక్కన పెట్టి చూసినా ఇది తేలిపోదు.

మాటలు మరీ గట్టివి. అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు, దుష్టచతుష్టయం. సినిమా చూడనివాళ్ళ నోట కూడా పంచాయతీ ఎన్నికల్లో ఇవే వినబడతాయి. గోంగూరని కౌరవుల విడిదింట్లోకి తెచ్చి కూర్చోబెట్టిన ధైర్యం పింగళిదే. లక్ష్మణకుమారుడిగా రేలంగి, శర్మగా అల్లు రామలింగయ్య. ఒకరు తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టినాయన, ఇంకొకరు పాలకొల్లు మనిషి. ఆ వెటకారం ఎక్కడ పుట్టిందో మనకి వేరే చెప్పక్కర్లేదు కదండీ. అయితే లక్ష్మణకుమారుణ్ణి ఎగతాళి చేసే సన్నివేశాలు ఒకటి రెండు ఎక్కువయ్యాయి. అక్కడ కత్తెర పడాల్సింది.

మొదటి గంట నెమ్మది. పాట మీద పాట, పద్యం మీద పద్యం. ఘటోత్కచుడు తొందరగా రాడు. సుభద్ర కొడుకుని తీసుకుని ద్వారక వదిలి అడవి దారి పట్టాకే వస్తాడు. అప్పటిదాకా పిల్లల్ని కూర్చోబెట్టడం కష్టం. వాళ్ళకోసమే అయితే ఆ అడవి ప్రయాణం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ముందు కథ నోటితో చెప్పేయండి. పెద్దవాళ్ళు మాత్రం ‘లాహిరి లాహిరి లాహిరిలో’ వదులుకోకూడదు. కాలవ గట్టున పుట్టి పెరిగినవాళ్ళకి నీటి మీద వెన్నెల ఎలా ముక్కలవుతుందో తెలుసు. ఆ పాటలో అది సరిగ్గా అలాగే ముక్కలవుతుంది.

అందుకే రంగుల కాపీ వద్దంటాను. 2010లో రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కి మార్చి మళ్ళీ విడుదల చేశారు. పని శ్రద్ధగానే చేశారు, శబ్దం శుభ్రపడింది, కొత్త ప్రేక్షకుల్ని హాలుకి రప్పించింది కూడా. కానీ బార్ట్లే వెలుగుని బూడిద ఛాయల లెక్కన పంచాడు. వెన్నెల మీద నీలం పులిమితే మెరుపు చచ్చి నీలమే మిగులుతుంది. నిడివి తగ్గించడంలో కొన్ని పాటలూ పద్యాలూ పోయాయి. 184 నిమిషాల నలుపు తెలుపు కాపీయే వెతుక్కోండి. నిడివి మరీ తక్కువుంటే మీ చేతికొచ్చింది ముక్కల కాపీ అని అర్థం.

టీవీలో చూసేటప్పుడు బొమ్మ సైజు 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. జూమ్ చేస్తే నాట్యంలో పాదాలు తెగుతాయి, సాగదీస్తే రంగారావు ఇంకా లావెక్కుతాడు. కదలికల్ని నునుపు చేసే సెట్టింగు ఉంటే ఆపేయండి, లేకపోతే సీరియల్‌లా కనబడుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి. అది పెంచితే ఫిల్ము గరుకు ఇసకలా పైకి లేస్తుంది.

దసరా పందిట్లోనో సంక్రాంతికో ప్రొజెక్టర్ మీద వేసేవాళ్ళకి ఇంకొన్ని. పదడుగుల వెడల్పు గుడ్డ కడితే 16:9 ప్రొజెక్టర్ మీద ఈ బొమ్మ ఏడున్నర అడుగులే వస్తుంది, ఎత్తు అయిదడుగుల ఏడున్నర అంగుళాలు. కాలవ గాలికి గుడ్డ తెరచాపలా ఉబ్బుతుంది, కింది అంచుకి వెదురు బొంగు కుట్టి రెండు కొసలూ నేలకి కట్టండి. సీరియల్ బల్బులు ఆర్పించండి, నలుపు తెలుపు బొమ్మకి పక్క వెలుగే శత్రువు. మైకుసెట్టు అబ్బాయి అలవాటుకొద్దీ ఎకో పెడతాడు, తీయించండి. బేస్ పెంచనివ్వకండి, పాత సౌండు ట్రాకులో అంత లోతు లేదు, గుయ్యిమనే రొద మాత్రం పెరుగుతుంది. రాత్రి పది దాటాక మైకు మోగకూడదు కాబట్టి ఆరూ ముప్పావుకే మొదలుపెట్టాలి. మధ్యలో టీకి పది నిమిషాలిచ్చినా పదికి ఒక్క నిమిషం ముందు అయిపోతుంది. పొలాల పక్కన వేస్తే మాత్రం ప్రొజెక్టర్ వెలుగుకి పచ్చదోమ (పైరు మీది చిన్న పురుగు) మూగి, సావిత్రి ముఖం మీద చుక్కలు చుక్కలుగా ఎగురుతుంది. ప్రొజెక్టర్‌కి ముప్పై అడుగుల దూరంలో, జనం వెనకాల, తెర మీద వెలుగు పడకుండా ఒక ట్యూబులైటు వెలిగించి ఉంచండి, దోమలో చాలా భాగం అటే పోతుంది.