ట్యాప్, క్లాగింగ్, ఐరిష్, లాంకషైర్ క్లాగ్: తక్కువ డబ్బుతో మొదలుపెట్టడానికి ఏది మేలు?

పాదాలతో తాళం వేసే నాట్యం నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందుగా బూట్ల ధర వాకబు చేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది సాధన ఎక్కడ చేస్తారన్నది. బూట్లు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తాయి. నేల కుదరకపోతే మాత్రం నెల తిరక్కుండానే కాళ్ళ నొప్పులో, కింది ఇంటివాళ్ళ గొడవో వచ్చి ఆట ఆగిపోతుంది. అందుకని ఇక్కడ నాలుగు రకాలనూ ముందు నేల లెక్కలో, తర్వాత బూట్ల లెక్కలో, ఆ పైన గురువు అవసరం ఎంతన్న లెక్కలో తూచి చూద్దాం.

ఈ నాలుగూ చుట్టాలే. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులు చెక్క అడుగుల బూట్లతో ఆడిన క్లాగ్, ఐర్లండు జిగ్ నాట్యాలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ పాదలయ అమెరికా నగరాల్లో కలిసి ట్యాప్ అయ్యాయి. 1840లలో న్యూయార్క్ ఫైవ్ పాయింట్స్ పేటలో మాస్టర్ జూబాగా పేరుపడిన విలియం హెన్రీ లేన్‌ని ఆ కలయికకు తొలి ఆనవాలుగా చెబుతారు. అమెరికా తూర్పునున్న అపలాచియన్ కొండల్లో అదే సరంజామా ఫిడేలు పాటలతో జతకట్టి ఫ్లాట్‌ఫుట్, క్లాగింగ్ అయింది. డబ్బు దగ్గర ఈ చుట్టరికం పనికొస్తుంది. ట్యాప్‌లో షఫుల్, క్లాగింగ్‌లో డబుల్ టో, ఐరిష్‌లో ట్రెబుల్, ఈ మూడింటి మూలం ఒకటే: ముందుపాదంతో నేలను ముందుకోసారి, వెనక్కోసారి రాస్తూ కొట్టడం. చవకైనదానితో మొదలుపెట్టి తర్వాత ఇంకొకదానికి మారినా పడిన శ్రమ వృథా కాదు.

ముందు నేల సంగతి. మన ఇళ్ళలో ఉండేది కాంక్రీటు శ్లాబు మీద టైల్స్, మార్బుల్ లేదా గ్రానైట్. అది అణుమాత్రం కూడా వంగదు కాబట్టి దెబ్బంతా తిరిగి కాలికే వస్తుంది. మొదట మోకాలి కిందనుంచి చీలమండ దాకా ఎముక వెంబడి సలుపు మొదలవుతుంది. లెక్కచేయకుండా ఆడుతూ పోతే పాదం ఎముకల్లో సన్నని పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది. పైగా బూట్ల అడుగున బిగించే లోహపు రేకులు (ట్యాప్‌లు) నున్నటి టైల్ మీద జారతాయి, టైల్ అంచు పెచ్చులూడుతుంది.

దీనికి విరుగుడు ఒక చెక్కపలక. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8×4 అడుగుల షీటు కొని దుకాణంలోనే మధ్యకు కోయిస్తే 4×4 పలకలు రెండు వస్తాయి. ఒక మనిషికి ఒకటి చాలు, తోడు దొరికితే ఖర్చు సగమవుతుంది. ఒక్కో పలక పదహారు, పద్ధెనిమిది కిలోల దాకా తూగుతుంది. పని అయ్యాక గోడకు చేరవేసుకోవచ్చు. అంచులను గరుకు కాగితంతో రుద్ది, వస్త్రపు టేపు వేయాలి. పైన సన్‌మైకా అతికించొద్దు, మెరిసే వార్నిష్ కొట్టొద్దు, మైనం పాలిష్ జోలికి పోవద్దు. మూడూ జారుడే. 6 మిల్లీమీటర్ల ప్లై చవగ్గా వస్తుంది కానీ అడుగు పడ్డచోటల్లా వంగి, పొరలు విడిపోతుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అంచులనుంచి పొడి రాలుతూ ఉంటాయి.

పలక కింద పిల్లల గదుల్లో పరిచే పజిల్ ఫోమ్ మ్యాట్లు, 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందంవి, వేయాలి. మెత్తగా ఉంటుందని అంగుళం మందం ఫోమ్ వేస్తే పలక ఊగి చీలమండ మెలిపడుతుంది. ఫోమ్ టకటకను తగ్గిస్తుంది, ధన్‌మనే మోతను తగ్గించదు. గెంతి దిగినప్పుడు పుట్టే ఆ మోత శ్లాబు గుండా కింది ఇంటికి చేరుతుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్ళకు ఎంపిక ఇక్కడే సగం తేలిపోతుంది: ఎగిరే నాట్యం వద్దు, నేలకు అంటిపెట్టుకున్న నాట్యం మేలు.

ఆ లెక్కన అన్నిటికంటే చవకైనది క్లాగింగ్‌కు తోబుట్టువైన ఫ్లాట్‌ఫుట్. దీనికి లోహపు రేకులు అక్కర్లేదు, వేషం అక్కర్లేదు, 3×2 అడుగుల చెక్కముక్క చాలు. తోలు సోలున్న పాత ఫార్మల్ బూట్లుంటే ఖర్చు సున్నా. రబ్బరు సోలు మాత్రం పనికిరాదు. పాదం తిరగాల్సినచోట అది నేలను పట్టేసుకుంటుంది, ఆ మెలిక మోకాలికి ఎక్కుతుంది. తోలు సోలు దొరక్కపోతే బూట్లు కుట్టేవాళ్ళ దగ్గర పాత బూటుకు నున్నటి తోలు సోలు వేయించుకోవచ్చు. జుత్తీలకు, కొల్హాపురీలకు తోలు సోలే ఉన్నా మడమ జారిపోతుంది కాబట్టి పనికిరావు. ఐర్లండు కొనెమారా ప్రాంతపు షాన్-నోస్ నాట్యానిదీ ఇదే పద్ధతి: నేలకు దగ్గరగా, చేతులు వదులుగా, ఆడేవాళ్ళ ఇష్టప్రకారం సాగుతుంది. రెండింటికీ పరీక్షలు, మెట్లు లేవు. ఎవరూ సరిచేయకపోతే ఏడాది తర్వాత కూడా అవే నాలుగు అడుగుల్లో తిరుగుతూ ఉండిపోవచ్చు.

క్లాగింగ్ బృందంగా ఆడేది. ఉత్తర కరోలినాలోని యాష్‌విల్‌లో జానపద కళాకారుడు బాస్కమ్ లామార్ లన్స్‌ఫర్డ్ 1928లో మొదలుపెట్టిన కొండ నాట్యోత్సవం దీన్ని వేదికెక్కించింది. 1939లో సోకో గ్యాప్ జట్టు వైట్‌హౌస్‌లో బ్రిటన్ రాజదంపతుల ముందు ఆడింది. అడుగులను ముందే పేరు పెట్టి కేకేస్తారు: ‘డబుల్ స్టెప్, రాక్ స్టెప్’. వింటూ ఆడొచ్చు, వరస కంఠస్థం చేసే బాధ తక్కువ. క్లబ్బులుండే ఊళ్ళలో చందా కూడా స్వల్పమే. చిక్కంతా బూట్లకు వేసే జింగిల్ ట్యాప్‌లతో వస్తుంది. వీటిలో ఒక రేకు సోలుకు బిగిసి ఉంటుంది, రెండోది దానికి వదులుగా వేలాడుతుంది. కాలు కదిలితే చాలు గలగలమంటాయి, తప్పు అడుగు కూడా ఒప్పులాగే వినిపిస్తుంది. మొదటి మూడు నెలలు వీటిని కొనకుండా తోలు సోలుతోనే ఆడటం మంచిది. కొత్తవాళ్ళు చేసే ఇంకో తప్పు తాళం మీద పైకి ఎగరడం. క్లాగింగ్‌లో దెబ్బ పడేటప్పుడు మోకాళ్ళు సడలి ఒళ్ళు కిందికి దిగాలి. పైకి లేస్తే మడమ ఆలస్యంగా తగిలి అడుగు పాటకు వెనకబడుతుంది.

ట్యాప్ దీనికంటే కొంచెం ఖరీదు, కానీ పెట్టిన డబ్బుకు ఎక్కువ ఇచ్చేదీ ఇదే. అడుగులకు స్థిరమైన పేర్లున్నాయి, నేర్చుకునే వరస ఉంది, ఉచితంగా దొరికే వీడియో పాఠాలు కూడా దీనికే ఎక్కువ. నేర్చుకోవడానికి ఒక గమ్యం కూడా ఉంది: 1920లలో పుట్టిన షిమ్ షామ్. ముప్పైరెండు బార్ల (తాళపు ఆవర్తాల) పాటకు నాలుగే అడుగుల వరస. అది వస్తే ఏ దేశంలో ట్యాప్ వాళ్ళు కలిసినా వరసలో నిలబడొచ్చు. ట్యాప్ దిగ్గజం బిల్ రాబిన్‌సన్ పుట్టినరోజైన మే 25ను అమెరికాలో 1989 నుంచి ట్యాప్ దినంగా జరుపుతున్నారు, ఆ రోజు చాలాచోట్ల అందరూ కలిసి ఆడేది ఇదే.

అమెరికాలో కొత్తవాళ్ళ ట్యాప్ బూట్లు ఉజ్జాయింపుగా 40 నుంచి 70 డాలర్లు. అంతకంటే చవకైనవాటిలో రేకులను జిగురుతోనో, రివెట్లతోనో అతికిస్తారు. ఊడితే మళ్ళీ బిగించలేం. స్క్రూలతో బిగించినవే తీసుకోవాలి. పెద్దవాళ్ళకు లేసుల ఆక్స్‌ఫర్డ్ రకం, అంగుళానికి మించని మడమ, మధ్యలో తెగని పూర్తి సోలు మేలు. సాధనకు ముందు ప్రతిసారీ బూటు తిరగేసి స్క్రూలు చూసుకోవాలి. వదులైతే రేకు గిలకలా మోగుతుంది, తల పైకొచ్చిన స్క్రూ నేలను గీరి పట్టుకుంటుంది. మరీ బిగిస్తే చప్పుడు మొద్దుబారుతుంది. రేకులు మాత్రం విడిగా తెప్పించుకుని ఇంట్లో ఉన్న బూట్లకు వేయించుకోవడం ఇండియాలో ఉన్నవాళ్ళకు ఇంకా చవక, కాకపోతే సోలు తోలుదై ఉండాలి. రబ్బరు, ఫోమ్ సోళ్ళలో స్క్రూ నిలవదు. రేకు అంచు సోలు బయటికి వెంట్రుకవాసి కూడా రాకూడదు, వస్తే రెండో కాలిని గీరుతుంది.

ఇక ఐరిష్ స్టెప్ డాన్స్. 1994లో రివర్‌డాన్స్ అనే వేదిక ప్రదర్శన వచ్చాక ప్రపంచమంతా దీని మీద మోజు పుట్టింది. బడ్జెట్ చూసుకునేవాళ్ళకు నాలుగింటిలోకీ చివరి స్థానం మాత్రం దీనిదే. ముందు మెత్తని గిల్లీలు, తర్వాత ఫైబర్‌గ్లాస్ కొసలూ మడమలూ ఉన్న హార్డ్ షూలు, రెండు జతలు కొనాలి. హార్డ్ షూలు కొత్తవైతే వంద డాలర్లు దాటుతాయి, పిల్లల పాదాలు ఏటా పెరుగుతాయి. ఫెష్ అనే పోటీలకు వెళితే ప్రతి నాట్యానికీ విడిగా రుసుము కట్టాలి. పైస్థాయి చేరాక సోలో డ్రెస్సు ఒక్కటే వెయ్యి డాలర్లు దాటడం మామూలు. చేతులు కదలకుండా, పాదాలు బయటికి తిప్పి, మునివేళ్ళ మీద ఎగరాలి. ఇది అద్దంలో చూసుకుని సొంతంగా నేర్చుకునేది కాదు. పిక్కల మీద, మడమ వెనక నరం మీద పడే భారాన్ని పక్కనున్న గురువే కనిపెట్టాలి. హార్డ్ షూలతో ఆడే పోటీ ట్రెబుల్ జిగ్ వేగం నిమిషానికి కొత్తవాళ్ళకు 92 దెబ్బలు, పైస్థాయివాళ్ళకు 73. తగ్గింది కదా తేలికేమో అనిపిస్తుంది. వేగం తగ్గిన మేరకు ఒక్కో దెబ్బ మధ్యలో మరిన్ని చప్పుళ్ళు ఇరికిస్తారు. మన తాళాల లెక్కలో ఈ నాట్యాల పాటల్లో జిగ్ తిశ్రం (మూడేసి), రీల్ చతురశ్రం (నాలుగేసి). స్లిప్ జిగ్ 9/8 అనగానే సంకీర్ణం (తొమ్మిదేసి) అనుకోకండి, అది మూడు తిశ్రాలు. పిల్లల్ని దీంట్లోనే చేర్చాలనుంటే పాత హార్డ్ షూలు తీసుకోవచ్చు, కానీ ఫైబర్ కొస పగిలిందేమో వెలుతురులో చూసి మరీ కొనాలి.

లాంకషైర్ క్లాగ్ ఇంగ్లండులో ఉన్నవాళ్ళకే సరిపడుతుంది. చార్లీ చాప్లిన్ చిన్నప్పుడు మొదట చేరింది ఇలాంటి క్లాగ్ బృందంలోనే, ఎయిట్ లాంకషైర్ లాడ్స్‌లో. చెక్క సోలు వంగదు కాబట్టి పాదం కొలత కచ్చితంగా కుదరాలి, చేత్తో చేసే జత వంద పౌండ్లు దాటుతుంది. బృందం దగ్గర అరువు క్లాగులు దొరికితే ఆడండి, లేకపోతే గట్టి సోలు బూట్లతో సాగించండి.

కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్నవాళ్ళకు ఒక మాట. తాళజ్ఞానం పెద్ద ఆస్తి. అడుగు వేసే ముందు జతులు నోటితో పలికే అలవాటు ఇక్కడా అక్కరకొస్తుంది. కథక్ విద్వాంసుడు చిత్రేశ్ దాస్, ట్యాప్ నర్తకుడు జేసన్ సామ్యుయెల్స్ స్మిత్ ఒకే వేదిక మీద ఆడగలిగింది ఆ లయ ఉమ్మడిది కాబట్టే. అడ్డొచ్చేది పాదం. తట్టడవులో (నేలను తట్టే మొదటి అడుగులో) మొత్తం అరికాలు బలంగా నేలను కొడుతుంది. ట్యాప్ బూట్లతో అలాగే కొడితే చప్పుడు చచ్చిపోతుంది, మడమ నొప్పి పుడుతుంది. బరువు ముందుపాదం మీద, మడమ కాగితం దూరేంత ఎత్తులో, చీలమండ వదులుగా ఉండాలి. అరమండికి (మోకాళ్ళు వంచి సగం కూర్చునే భంగిమకు) అలవాటుపడ్డ మోకాళ్ళకు ట్యాప్ కంటే ఫ్లాట్‌ఫుట్ తొందరగా పట్టుబడుతుంది.

ఒంటరిగా, అపార్టుమెంటులో, వీలైనంత తక్కువలో మొదలుపెట్టేవాళ్ళకు ఫ్లాట్‌ఫుట్. కింది అంతస్తు ఇల్లు, పలకకు చోటు ఉండి, మెట్టు మెట్టుగా ఎదగాలనుకునేవాళ్ళకు ట్యాప్. దగ్గర్లో క్లబ్బు ఉండి, మనుషులతో కలిసి ఆడటమే ముఖ్యమనుకుంటే క్లాగింగ్. ఎటూ తేలనివాళ్ళు పలక, తోలు సోలు బూట్లతో షఫుల్ ఒక్కటి పట్టుకోవాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి రోజూ పదిహేను నిమిషాలు చేయండి. ఒక కాలి మీద నిలబడి, రెండో కాలి మోకాలు కొద్దిగా ఎత్తి, చీలమండ నుంచి పాదాన్ని విసరాలి. రెండు చప్పుళ్ళు కలిసిపోయి ఒకటిగా వినిపిస్తే కాలు తుంటి నుంచి ఊగుతోందని అర్థం, ముందుకు చాచే దూరం సగానికి తగ్గించండి. రెండోది వినిపించకపోతే బరువు ఆడే కాలి మీదికి జారుతోంది. చాలామందికి ఎడమకాలు వెనకబడుతుంది, దానికి ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. రెండు కాళ్ళతోనూ 100 వేగం దగ్గర రెండు చప్పుళ్ళూ విడివిడిగా, సమానంగా వినిపించాక రేకులున్న బూట్లు కొనండి.